కోత పండుగకు ఎగరాల్సిన ఇంజన్

రిటైరైన మెకానిక్ మాటలు ఎవరికి కావాలి చెప్పండి. ఇప్పుడు బస్సుకు జబ్బు చేస్తే మీరు ఒక వైరు తగిలించి, తెర మీద అంకెలు చూసి, ఫలానా సెన్సారు పోయిందని చెప్పేస్తారు. మా కాలంలో పొగ రంగు చూసి, శబ్దం విని, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చెప్పేవాళ్లం. చెప్పింది సగం సార్లు తప్పేననుకోండి. అయినా చెప్పేటప్పుడు ఆ ధీమా వేరు.

నేను చెప్పబోయేది బస్సు సంగతి కాదు. నా సర్వీసు చివరి ఏడాదిలో మా డిపోకు వచ్చిన అతి చిన్న ఇంజన్ సంగతి. అరచేతిలో పెట్టుకుంటే ఇంకా చోటు మిగిలేది. పెద్ద పెద్ద బస్సు ఇంజన్లు నన్ను అంత ఏడిపించలేదు.

మా వర్క్‌షాపులో ఒక మూల పంపు గది ఉండేది. డీజిల్‌ను కొలిచి ఇంజన్‌లోకి చిమ్మే పంపులను విప్పి బాగుచేసే చోటు అది. దుమ్ము పడకూడదని తలుపులు మూసుకుని పని చేసేవాళ్లం. అందుకని బయట పనిచేసేవాళ్లు మాకు గర్వమని చెప్పుకునేవాళ్లు. అబద్ధమేమీ కాదు. కొత్త బస్సులు వచ్చాక పంపులు నేరుగా కంపెనీకే పోసాగాయి. మాకు పని తగ్గింది గానీ గర్వం తగ్గలేదు.

చివరికి మిగిలింది ముగ్గురం. ఒకడిని నేను. రెండోవాడు నాతో పాటే ఉద్యోగంలో చేరిన కర్నూలు భాయ్. ఏ ఇంజన్ మొండికేసినా ముందు టీ పెట్టి తర్వాత స్పానర్ పట్టుకునేవాడు. మూడోవాడు టర్నరు, మా ఇద్దరికంటే బాగా చిన్నవాడు, చేనేత ఇంటి బిడ్డ. పక్క గదిలో లేత్ మీద పని చేసేవాడు. మాట తక్కువ మనిషి. మేమిద్దరం మాట్లాడేది విని విని అలా అయ్యాడని మేనేజర్ సారు అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తెల్ల చీర, మందం కళ్లద్దాలు, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్.

“డీజిల్ పంపులు చేసేటోళ్లు మీరేనా అప్పా?”

“మేమే తల్లీ. కూసో,” అన్నాడు భాయ్, క్యారియర్ వంక ఆశగా చూస్తూ.

ఆమె మూత తీసింది. పై గిన్నెలో పాత నూలు గుడ్డ, ఆ గుడ్డలో ఈ ఇంజన్. కింద గిన్నెలో ఏమైనా ఉందేమోనని భాయ్ తొంగి చూశాడు. దాంట్లో ఇంజన్ మరలున్నాయి.

“విమానం ఇంజనప్పా ఇది,” అంది.

“విమానమా! అదెక్కడుండాది?”

“ఇంటికాడ ఉండాది. రెక్కలు, తోక నేనే చేసుకున్నా. ఇదొక్కటే లేస్తా లేదు. కడపలో చూపించని అంగడి లేదు. అందరూ నవ్వుతాండారు. బస్సులో వస్తాంటే కండక్టరు మీ పేరు చెప్పినాడు.”

కమలాపురం దగ్గర ఒక పల్లెలో ఉండే సైన్సు టీచరమ్మ ఆమె. రిటైరై చాలా ఏళ్లయింది. వయసులో ఉన్నప్పుడు వాళ్ల మిషన్ స్కూల్లో పిల్లలకు చిన్న విమానాలు చేసి ఎగరెయ్యడం నేర్పించేదట. రెండు సన్నని ఉక్కు తీగలు విమానం రెక్కకు కట్టి, వాటి పిడి చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడాలి. విమానం గానుగెద్దు లాగా మనిషి చుట్టూ తిరుగుతుంది. పిడి పైకి వంచితే పైకి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. ఆ సరదా స్కూల్లో ఆగిపోయిన రోజున, ఇంజన్ నువ్వే ఉంచుకోమని అప్పటి పెద్దసారు ఆమెకే ఇచ్చేశాడట.

“ఇన్నేండ్లకు ఇప్పుడేంటికి టీచరమ్మా?” అని అడిగాను.

“కోత పండుగ వస్తాండాది కదా.”

వాళ్ల చర్చిలో పంట ఇంటికొచ్చాక కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. శనగలు, గుమ్మడికాయలు, కోళ్లు, బెల్లం దిమ్మెలు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. గెలిచినవాళ్లు వస్తువు ఇంటికి తీసుకుపోవచ్చు, ఇష్టమైతే ఎవరికైనా ఇవ్వొచ్చు.

“నాకు చేను లేదు,” అంది టీచరమ్మ. “ప్రతి ఏడూ ఊరగాయ జాడీ ఇస్తాండా. మామిడికాయ చెట్టుది, కారం అంగడిది. దాంట్లో నాదేముండాది? నేను కష్టపడి నేర్చుకుంది ఇదొక్కటే. ఈసారి దీన్ని ఇయ్యల్ల.”

“ఇచ్చేయ్ తల్లీ. ఎవురొద్దంటారు?” అన్నాడు భాయ్.

“తిరగని ఇంజన్ని ఎట్ల ఇస్తా? కుంటి గొర్రెను తోలకపోయి దేవుని ముందర నిలబెడతారా ఎవురన్నా? ఎగిరితేనే ఇస్తా. ఎగరకుంటే మళ్ల ఊరగాయే.”

అని తన కుడిచెయ్యి మా ముందు చాపింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. “ఇది ఈ మధ్యనే మొదలైనాది. వచ్చే ఏటికి తీగలు పట్టుకోలేను.”

సరేనన్నాం.

ఇంజన్‌లో పాత ఆముదం పేరుకుపోయి జిగురై, జిగురు రాయి అయింది. దాన్ని నానబెట్టి, మరిగే నీళ్లల్లో వేసి కదిలించాం. నీళ్లు మరగబెట్టిన గిన్నె భాయ్ టీ గిన్నె. ఆ తర్వాత రెండు వారాలు మా టీ ఆముదం వాసన కొట్టింది. పొద్దున్నే తాగితే లాభమేనని భాయ్ సమర్థించుకున్నాడు.

పెద్ద చమత్కారం లోపల ఉంది. ఉన్నది ఒకే సిలిండర్, దాంట్లో రెండు పిస్టన్లు. కిందిది మామూలుగా పైకీ కిందికీ ఆడుతుంది. పైది మాత్రం సిలిండర్ నెత్తిన బిగుసుకుని కూర్చుంది. దాని మీద ఒక మర. కొట్టినా కదలదు.

చూడగానే రోగం తెలిసిపోయింది మాకు. ఇద్దరికీ కలిపి డెబ్బై ఏళ్ల అనుభవం. సిలిండర్‌లో కదలనిది ఏదైనా సరే, పట్టేసిందని అర్థం. పట్టేసిన దాన్ని విడిపించడానికే కదా మాకు జీతం ఇచ్చేది. భాయ్ ఇత్తడి కడ్డీ పెట్టి దాన్ని కిందికి తట్టి బయటికి తీశాడు. మిగతా పని నేను అందుకున్నాను.

పంపు గది మనిషికి ఒక విద్య ఉంటుంది. పంపులో పైకీ కిందికీ ఆడే ప్లంజర్‌ను దాని గొట్టంలో పెట్టి వదిలితే, తన బరువుకు తానే మెల్లగా, తేనె జారినట్టు కిందికి జారాలి. అంతదాకా సన్నని పేస్టుతో రుద్దుతాం. ఎక్కువ రుద్దితే వదులవుతుంది, తక్కువైతే పట్టేస్తుంది. ఈ విషయంలో నన్ను మించినవాడు లేడని నేననుకునేవాణ్ని, అప్పుడప్పుడూ బయటికి కూడా అనేవాణ్ని. ఆ పై పిస్టన్‌ను నా విద్యంతా పెట్టి రుద్దాను. సిలిండర్‌లో వదిలితే ఏం జారింది! ముగ్గురం నిలబడి మళ్లీ మళ్లీ జార్చి చూసుకున్నాం. టర్నరు కూడా “బాగుండాదన్నా” అన్నాడు. వాడి నోట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు.

టీచరమ్మకు కబురు పెట్టాం. ఆమె వచ్చి ఇంజన్‌ను వేళ్లతో పట్టుకుని దాని ముక్కుకు బిగించిన ఫ్యాను రెక్కను ఒక్కసారి తిప్పింది. తుస్సుమంది. మళ్లీ తిప్పింది. మళ్లీ తుస్సు.

“పైదాన్ని ఏం చేసినారప్పా?”

“సాఫీ చేసినా టీచరమ్మా. పట్టేసి ఉంటే విడిపించినా,” అన్నాను శాలువా కప్పించుకోబోయేవాడిలాగా.

“అది పట్టేసుకోనే ఉండల్లప్పా. గట్టిగా కూచోడమే దాని పని.”

అప్పుడు మాకు పాఠం చెప్పింది. ఈ ఇంజన్‌లో మన పంపు లేదు, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. కింది పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే మండుతుంది. ఎంత నొక్కాలన్నది పై పిస్టన్ చూసుకుంటుంది. మర తిప్పితే రవ్వంత దిగుతుంది, వదిలితే రవ్వంత ఎక్కుతుంది. మిగతా సమయమంతా రాయిలాగా కదలకుండా కూర్చోవాలి. దాన్ని నేను తేనెలాగా జారేట్టు చేశాను. గాలంతా పక్క నుంచి పోతోంది. ఇలాంటిది ఇంకొకటి మన దగ్గరే కాదు, ఈ ఇంజన్ చేసిన కంపెనీ వాళ్ల దగ్గర కూడా ఉండదు. ఆ కంపెనీయే లేదు.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చుంది. “పోనీలేప్పా. ఊరగాయ జాడీ ఉండనే ఉండాది,” అంది. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. భాయ్ టీ గిన్నె వైపు తిరిగి, గుప్పెడు చక్కెర వేసి, వెయ్యలేదేమో అనుకుని ఇంకో గుప్పెడు వేశాడు.

అప్పుడు టర్నరు నోరు తెరిచాడు. “టీచరమ్మా, పండుగ దాకా టైముండాది. నేను కొత్తది చేస్తా.”

కడపలో పాత ఇనుము అంగడిలో వెతికి, పగిలిన బ్రేక్ డ్రమ్ము ముక్క ఒకటి కొనుక్కొచ్చాడు. పోత ఇనుమే కావాలన్నాడు. జీవితమంతా ఏదో బండిని ఆపడానికే పనిచేసిన ఇనుము అది. దానికి ఎగిరే యోగం పట్టిందని భాయ్ మురిసిపోయాడు. డ్యూటీ దిగాక లేత్ దగ్గర నిలబడేవాడు టర్నరు. ఒకటి చేశాడు, వదులు. ఇంకొకటి చేశాడు, అసలు దూరనే లేదు. నేను ఉండబట్టలేక, “ఇటియ్యి, రవ్వంత రుద్దిస్తా,” అన్నాను.

“అన్నా, నువ్వు గమ్మునుండు,” అన్నాడు. పేస్టు డబ్బా తీసుకుపోయి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. నా సర్వీసులో నా మీద తీసుకున్న క్రమశిక్షణ చర్య అదొక్కటే.

చివరికి ఒకటి కుదిరింది. సిలిండర్‌ను వేడి నీళ్లల్లో పెట్టి, కాస్త విప్పారగానే చల్లటి పిస్టన్‌ను అందులోకి నొక్కాడు. సిలిండర్ చల్లారే కొద్దీ అది బిగుసుకుంది. ఫ్యాను రెక్క తిప్పితే ఈసారి వేలికి ఎదురు తన్నింది. ఇంజన్ ఎదురు తన్నితే ఇంత సంతోషించిన మెకానిక్కులు మా తర్వాత పుట్టాలి.

ఇంక ఇంధనం. నొక్కిన గాలి వేడికే మండేది కాబట్టి పేరుకు డీజిల్ ఇంజనే గానీ, మా బస్సు డీజిల్ దానికి పనికిరాదట. ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలపాలంది టీచరమ్మ. ఆముదానికి మన సీమలో కరువా. కిరసనాయిలే దొరకలేదు. రేషన్‌లో ఇవ్వడం మానేశాక దాన్ని చూసినవాళ్లే లేరు. పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే ముసలాయన ఒకడు ఎక్కడో దాచిపెట్టుకున్నది భాయ్ బతిమాలి తెచ్చాడు. ఈథర్ కోసం కడపలో కాలేజీలకు సామాన్లు అమ్మే అంగడికి నేను పోయాను.

“దేనికప్పా?” అని అడిగాడు అంగడాయన.

“విమానానికి,” అన్నాను.

నన్ను కిందికీ పైకీ చూశాడు. టీచరమ్మతో ఫోన్లో మాట్లాడించిన తర్వాతే ఇచ్చాడు. ఆమె దగ్గర చదువుకున్నవాడేనట. ఫోన్లో మాట్లాడినంతసేపూ లేచి నిలబడే ఉన్నాడు.

మూడూ కలిపేసరికి మా గది ఆసుపత్రి వాసన కొట్టింది. మేనేజర్ సారు తలుపు తీసి, “ఎవరికయ్యా ఆపరేషన్?” అన్నాడు. సంగతి విని, పని వేళలో కాకుండా చూసుకోండని చెప్పి వెళ్లిపోయాడు. కానీ డ్యూటీ అయ్యేసరికి అందరికంటే ముందు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

బల్లకు బిగించి మొదలుపెట్టాం. ఈ ఇంజన్‌కు సెల్ఫ్ లేదు, హ్యాండిల్ లేదు. వేలితో ఫ్యాను రెక్కను కొట్టాలి. అంటుకున్న మరుక్షణం ఆ రెక్క వేలిని కొడుతుంది. ముందు నా వేలు అయింది, తర్వాత భాయ్ వేలు, తర్వాత టర్నరు వేలు. “కొట్టి చెయ్యి పెట్టుకుంటారేంటికి? కొట్టి పారిపోవల్ల,” అంది టీచరమ్మ. మళ్లీ భాయ్ వంతు వచ్చినప్పుడు అంటుకుంది.

ఏం చప్పుడు! అంత చిన్న దేహానికి అంత గొంతా! ఆగి ఉన్న బస్సుల్లోంచి డ్రైవర్లు దిగి పరుగెత్తుకొచ్చారు.

“ఏమైందప్పా? ఏ బస్సుది?”

“బస్సుకు బిడ్డ పుట్టినాది,” అన్నాడు భాయ్, చూపుడు వేలు నోట్లో పెట్టుకుని.

టీచరమ్మ ఆ చప్పుడు మధ్య నిలబడి చిన్నపిల్లలాగా నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక పండుగ నాడు ఎగరకపోతే నేను బతకలేననిపించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్ప నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. ముగ్గురం లీవు పెట్టి పోయాం. ఆరాధన అయ్యాక జనమంతా చర్చి వెనక, శనగ పీకేసిన నల్లరేగడి చేనులో గుండ్రంగా నిలబడ్డారు. పక్కన గంపల్లో వేలానికి తెచ్చిన కోళ్లు. విమానం తెల్లగా, మూరన్నర పొడవు రెక్కలతో నేల మీద కూర్చుని ఉంది. మేం ముగ్గురం దాని చుట్టూ.

అంటుకోదే. భాయ్ కొట్టాడు, టర్నరు కొట్టాడు, నేను కొట్టాను. మర బిగించాం, వదిలాం. ఎండ ఎక్కుతోంది. గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన, “కోళ్లు సొమ్మసిల్లిపోతాయి, ముందు వాటి వేలమన్నా పాడండయ్యా,” అన్నాడు.

పాస్టరుగారు మంచి మనిషి. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: “టీచరమ్మా, ఎగరకపోయినా పర్వాలేదు. దేవుడు మనసు చూస్తాడు.”

“చూస్తాడయ్యగారూ. కుంటి గొర్రెను తోలకొచ్చినోళ్లంతా చెప్పే మాట అదే,” అంది ఆమె.

చీర చెంగు నడుముకు చుట్టి వంగింది. మర కాస్త వదిలింది. ఇంజన్ గాలి పీల్చే నోటిని వేలితో మూసి రెక్క రెండుసార్లు తిప్పింది, ఆ తర్వాత వణికే ఆ వేలితో ఒక్క దెబ్బ కొట్టింది. వేలు వణికినా దెబ్బ వణకలేదు. ఇంజన్ కేక పెట్టింది. నీలంగా పొగ లేచింది.

ఆమె మధ్యకు నడిచి పిడి పట్టుకుని తల ఊపింది. భాయ్ “యా అల్లా” అంటూ విమానాన్ని వదిలాడు. చర్చి వెనకాలే నిలబడి ఆ మాట అన్నందుకు ఒక్కరూ ఏమీ అనుకోలేదు. విమానం నేల మీద కాస్త దూరం ఉరికి లేచింది. నా గుండె కూడా లేచింది. ఒక చుట్టు, రెండో చుట్టు. టీచరమ్మ మధ్యలో తిరుగుతోంది. విమానం ఒకసారి మా నెత్తుల ఎత్తుకు, ఒకసారి మోకాళ్ల ఎత్తుకు. గంపల్లో కోళ్లు నానా గోల చేశాయి. పాటలు పాడే ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని మెడలు తిప్పుతూ చూస్తున్నారు. కోళ్ల సంగతి అడిగినాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇంధనం అయిపోయింది. ఇంజన్ ఆగింది. ఇంక మెల్లగా దించుకోవాలి. ఆమెకు కళ్లు తిరిగాయో, చెయ్యి వణికిందో, పిడి ఒక్కసారి కిందికి వాలింది. విమానం ముక్కు నేలకు గుద్దుకుంది. ఒక రెక్క విరిగింది. ఫ్యాను ముక్కలైంది. దాన్ని పట్టే ఇరుసు వంకరపోయింది.

అందరూ అయ్యో అన్నారు. నేను పరుగెత్తి ఆమెను పట్టుకున్నాను. ఏమంటుందోనని భయంభయంగా మొహం చూశాను. ఆమె ఇంకా ఆకాశం వైపు చూస్తోంది. పొగ అప్పుడే విడిపోతోంది.

“వేలం... దీన్ని వద్దులే టీచరమ్మా,” అన్నాడు పాస్టరుగారు.

“ఏంటికొద్దు? ఎగిరింది దేవుని వంతయ్యగారూ, ఆయనకు ముట్టినాది. మిగిలింది మన వంతు. పాడండి.”

వేలం పాడారు. కోళ్లాయన నాతో పోటీకి దిగాడు. ఆయన ఆపేదాకా నేనూ ఆపలేదు. గెలిచి, ఆ విరిగిన దాన్ని రెండు చేతులా తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను.

“ఇచ్చింది వెనక్కి తీసుకుంటారా ఎవురన్నా?” అంది.

“దేవునికి మీరిచ్చినారు. మీకు నేనిస్తాండా టీచరమ్మా.”

విరిగిన రెక్కను, వంకరపోయిన ఇరుసును వేలితో తడిమి చూసింది. తర్వాత నావైపు చూసింది.

“నువ్వు రిటైరయ్యేది యాపొద్దు?”

“ఈ నెలాఖరుకు.”

“ఆ మర్నాటి నుంచి ఏం చేస్తావు?”

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకు నేనూ వేసుకోలేదు.

“దేవునికి కుంటివి పనికిరావు,” అంటూ దాన్ని మళ్లీ నా చేతుల్లో పెట్టింది. “మెకానిక్కుకు కుంటివే గదప్పా కావల్సింది. ఎత్తకపో. బాగుచేసి తీసుకురా, ఈసారి తీగలు పట్టడం నీకు నేర్పిస్తా.”

నాకు ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఎక్కడ ఏడుస్తాం. “ఈథర్ ఘాటుకు కండ్లు మండుతాండాయి,” అన్నాను పక్కనున్న భాయ్‌తో.

“ఔనౌను,” అన్నాడు భాయ్, తనూ కళ్లు తుడుచుకుంటూ.

ట్యాంకులో అప్పటికి చుక్క లేదు.